బహదూర్‌పురాలో కొర్రలు తినేదెవరు

పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో మా నాన్న నన్ను పట్నంలో దింపి వెళ్లాడు. ప్రకాశం చిన్నాయనకు ఒంట్లో బాగాలేదు, రాహేలు చిన్నమ్మ డ్యూటీకి పోతే ఇంట్లో ఒక మనిషి ఉండాలి అన్నారు. తీరా నేను వచ్చేసరికి చిన్నాయనకు నయమైంది. మంచంలో ఉన్న మనిషికి నీళ్లు అందించడానికి వచ్చినదాన్ని, నయమైన మనిషి వెనక బహదూర్‌పురా గల్లీలన్నీ తిరగాల్సి వచ్చింది.

చిన్నాయన ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఇనుప సామాన్లను ఆసిడ్ తొట్లలో ముంచి తీసే సెక్షన్. ఏళ్ల తరబడి ఆ ఆవిరి పీల్చి దగ్గు పట్టుకుంది. సూదులు వేయించుకున్నా, సీసాలు తాగినా తగ్గలేదు. ఎవరో చెబితే ప్రకృతి వైద్యం చేసే ఆసుపత్రిలో చేరాడు. అక్కడ కడుపు మీద మట్టి పట్టీలు వేసి, ఉప్పూ కారం మాన్పించి, కొర్రన్నం, సజ్జ రొట్టె, తైదల జావ, అంటే రాగి జావ, మొలకెత్తిన పెసలు పెట్టారట. దగ్గు తగ్గింది. ఒళ్లు సగమైంది. చొక్కా ఇంకెవరిదో వేసుకున్నట్టు భుజాల మీద నుంచి జారుతుండేది.

ఇంటికి వచ్చిన రోజే చిన్నమ్మతో చెప్పేశాడు.

"నేనిక ఆ తొట్ల కాడికి పోను రాహేలూ. నేను తిని బాగైన గింజలే అమ్ముత. దుకాణం పెడుత."

దుకాణానికి పేరు కూడా పెట్టుకున్నాడు, ఆరోగ్య ఆహార భండారు అని. గల్లీ మూల మీద షఫీఉద్దీన్ అనే ఆయన మల్గీ, ఒక్క గది దుకాణం, అప్పుడే ఖాళీ అయింది. చిన్నాయనా ఆయనా పాత స్నేహితులు. చిన్నాయన వెళ్లి అడిగితే, "నీకు గాక ఇంకెవలికిస్త ప్రకాశం భాయ్? గని కిరాయి సైకిళ్లాయన దినాం వచ్చి కూసుంటుండు. ఐతారం దాక ఆపుత. అటెన్క నా చేతుల లేదు" అన్నాడట.

ఆ ఆదివారంతోనే చిన్నాయన సెలవు కూడా అయిపోతుంది. సోమవారం పొద్దున ఆయన ఫ్యాక్టరీలో తొట్ల దగ్గరన్నా నిలబడాలి, రాజీనామా కాగితమన్నా ఇవ్వాలి. మధ్యలో ఇంకో దారి లేదు.

చిన్నమ్మ ఒక ఆసుపత్రిలో ఆయాగా పనిచేసేది. రోజంతా నిలబడి వచ్చి, కాళ్లు గోడకు ఆనించి పడుకుని మాట్లాడేది. "పెట్టు, వద్దంటలేను. గని ముందుగాల ఈ బస్తీల ఎవలన్న కొంటరా లేదా అరుసుకో. నీ కడుపుకు పడ్డదని అందరి కడుపుకు పడుతదా?"

ఆ మాట చిన్నాయనకు నచ్చింది. ఇల్లిల్లూ తిరిగి అడుగుదామన్నాడు. కానీ ఇంట్లో ఏం వండాలో చెప్పేది ఆడవాళ్లు. మా గల్లీలో సగం ఇళ్లలో ఆ ఆడవాళ్లు గోనెపట్టా పరదా వెనక ఉంటారు. చిన్నాయన ఎవరింటికి వెళ్లినా ఆయనకు దొరికేది బయటి అరుగే. అందుకని నన్ను వెంట తీసుకెళ్లాడు. మా ఊరి బడిలో సారు పేరు పిలిస్తే నేల చూస్తూ లేచి నిలబడేదాన్ని నేను. అట్లాంటిదాన్ని, "పరదా లోపలికి పోయి మంచిగ చెప్పు బిడ్డా, భయమెందుకు?" అని ముందుకు తోసేవాడు.

మొదట వెళ్లింది నాగమణమ్మ ఇంటికి. పక్క గల్లీలోనే. ఆ ఇంటికి పరదా లేదు, కాబట్టి చిన్నాయనే మాట్లాడాడు. ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్కు. ఇద్దరూ మా జిల్లా వైపు నుంచి వచ్చినవాళ్లే. అందుకని అక్కడ సులువవుతుందనుకున్నాడు.

"కొర్రలా అన్నా!" అంది నాగమణమ్మ, చేతిలో చాట అట్లాగే పట్టుకుని. "మా అత్త పొద్దుగాల కొర్ర గటుక పోసేది, మాపటికి గటుక పోసేది. ఆ గటుక తాగలేకనే నా మొగణ్ని పోరువెట్టి పోరువెట్టి పట్నం తీస్కొచ్చిన. ఇప్పుడు పైసలిచ్చి మల్ల గటుక తాగుమంటవా?"

"ఇది మందు లెక్క చెల్లే."

"మందైతె సీసల ఉండాలె గద. దాన్నెందుకు కుండల వండుడు?" అని చిన్నాయనను కింది నుంచి పై దాకా చూసింది. "ఏమనుకోకు అన్నా. బాగైన మనిషివే గిట్లుంటే, బీమారి మనిషి ఎట్లుంటడు?"

ఆమె మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు. ఇద్దరికీ చెంబుల్లో మజ్జిగ ఇచ్చింది. నా తలకు నూనె లేదని కోప్పడింది. చిన్నాయన నవ్వుతూనే బయటికొచ్చాడు గానీ గల్లీ మలుపు తిరిగేదాకా వడివడిగా నడిచాడు.

"ఊరికెల్లి వచ్చినోళ్లు గట్లనే అంటరు" అన్నాడు తర్వాత. "వాళ్లకు తెల్లన్నం మోజు తీరలే. అటు దిక్కు పోదాం పా."

అటు దిక్కు అంటే ఖైసర్ బేగం వాళ్ల వైపు. ఎండ గోడల మీద నుంచి కొడుతోంది. చెప్పు కింద రోడ్డు మెత్తబడి అంటుకుంటోంది. చిన్నాయన అరుగు మీద కూర్చున్నాడు. నేను పరదా ఎత్తి లోపలికి వెళ్లాను.

ఖైసర్ బేగం పీట మీద కూర్చుని తమలపాకులు తుడుస్తోంది. పక్కన ఆమె కూతురు అమీనా, నాకంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. వాళ్ల ఇంట్లో తెలుగు వచ్చు. తరతరాలుగా ఇక్కడే ఉన్నవాళ్లు. నేను అప్పగించిన పాఠం అప్పగించినట్టే చెప్పాను. కొర్రలు, సజ్జలు, తైదలు, బార్లీ, తేనె. షుగర్ బీమారికి మంచిది. దగ్గుకు మంచిది. చెబుతున్నంతసేపూ ఆమె పీట కోడు చూస్తూ చెప్పాను.

"నీ పేరేంది బేటీ?"

"సలోమి."

"ఎంత సన్నగ మాట్లాడుతవు! పిట్ట గూడ నీకంటె గట్టిగ ఒర్లుతది." అని నవ్వి, పరదా వైపు తిరిగి గొంతు పెంచింది. "మస్తు మంచి పని భాయ్! దుకాణం తెరువుండ్రి. జరూర్ వస్తం. ఇంత దగ్గర్ల ఉంటె ఇంకేం గావాలె?"

బయటి నుంచి చిన్నాయన, "షుక్రియా ఆపా, షుక్రియా" అన్నాడు. ఆ గొంతులో ఉన్న సంతోషం నాకు లోపలికి వినపడింది. అప్పుడే ఖైసర్ బేగం కూతురితో తమ భాషలో ఏదో మెల్లగా అంది. అమీనా మొహం పక్కకు తిప్పుకుని, నవ్వు ఆపుకోవడానికి చున్నీ అంచు పళ్ల మధ్య పెట్టుకుంది.

ఆ రోజూ ఆ మరునాడూ ఆ వైపు వెళ్లిన ప్రతి ఇంట్లో ఇదే. జరూర్. తప్పకుండ. మీ దుకాణం గాకపోతే ఇంకెవరి దుకాణం. ఎవరూ కాదనలేదు. ప్రతి ఇంట్లో చాయ్ ఇచ్చారు. అరుగు మీదికీ ఒక కప్పు పంపారు. చిన్నాయన చాయ్ మానేశాడు. వద్దంటే ఇంటివాళ్లు చిన్నబోతారు. అందుకని నేను బయటికొచ్చి, గల్లీలో ఎవరూ చూడకుండా ఆయన కప్పు కూడా తాగేదాన్ని. రెండో రోజు సాయంత్రానికి నోరంతా చేదు, కడుపులో మంట. రోజూ రాసుకునే డైరీలో ఆ రాత్రి తేదీ తప్ప ఏమీ రాయలేకపోయాను.

కానీ పడుకున్నాక ఒకటి తోచింది. మా ఊళ్లో గాజులమ్మే మనిషి మలారం దించినప్పుడు, కొనాలని ఉన్న ఆడది మొదట వంక పెట్టేది. రంగు వెలిసిందనేది, పలచగా ఉందనేది, ధర వింటే నెత్తి కొట్టుకునేది. ఊరికే 'బాగున్నయ్' అని లేచిపోయిందంటే కొనదన్నమాటే. ఇక్కడ ఇన్ని ఇళ్లలో నాగమణమ్మ తప్ప ఒక్కరూ వంక పెట్టలేదు. ఎట్లా వండాలని కూడా అడగలేదు.

పొద్దున చిన్నాయన పళ్లు తోముకుంటుంటే చెప్పాను. "చిన్నాయనా, ఎవ్వలు ధర అడుగలే."

"మర్యాదస్తులు బిడ్డా" అన్నాడు పుక్కిలించి ఉమ్మి. "గల్లీ ఇండ్లల్ల కూసొని ధరలడుగుతరా? నోటిమాటంటె నోటిమాటే వాళ్లకు."

చిన్నమ్మ మాత్రం ఆ మాట పట్టుకుంది. "జరూరంటె పొయ్యి మండదు. ఒక్క దినం పెట్టి చూడు. అమ్ముడుబోతె నేనే బోర్డు రాపిస్త."

షఫీఉద్దీన్ ఒప్పుకున్నాడు. శుక్రవారం ఒక్కరోజు మల్గీ ముందు గోనెలు పరుచుకుని పెట్టుకోమన్నాడు. చిన్నాయన బేగంబజార్ పోయి కొర్రలు, సజ్జలు, జొన్నలు, బార్లీ, తైదలు తలా ఒక సంచి, కొన్ని తేనె సీసాలు రిక్షాలో వేసుకొచ్చాడు. మేము ముగ్గురం కూర్చుని రాళ్లు ఏరాం. చిన్నమ్మ కూర్చున్నచోటే కునికింది. చేతులు మాత్రం ఆగలేదు. నేను అట్టముక్కల మీద పెద్ద అక్షరాలతో ఏ గింజ ఏ రోగానికో రాశాను. తెలుగులో రాశాను. నాకు వచ్చింది అదే.

శుక్రవారం నమాజు తర్వాత జనం వచ్చారు. నేను మల్గీ లోపల మూలన కూర్చుని పొట్లాలు కడుతున్నాను. చిన్నాయన ప్రతి మనిషికీ మొదటి నుంచీ చెప్పాడు. పాలిష్ బియ్యంలో ఏం ఉండదో, కొర్రల్లో ఏం ఉంటుందో, పొద్దు మునగకముందే తినాలని, నమిలి నమిలి తినాలని. వాళ్లు టోపీలు సర్దుకుంటూ ఓపికగా విన్నారు. జీ హా, జీ హా అన్నారు. చేయి సంచిలో పెట్టి గింజలు అరచేతిలో పోసుకుని ఊదారు. ఒకాయన రెండు గింజలు పంటి కింద వేసి కొరికాడు.

"మట్టి లేదు, రాళ్లు లేవు. దాన్యం సాఫ్‌గ ఉన్నది" అన్నాడు.

"చేత్తోని ఏరినం భాయ్. నా బిడ్డ ఏరింది" అన్నాడు చిన్నాయన నన్ను చూపిస్తూ.

"దినాం ఇదే మాల్ ఉంటదా?"

"దినాం ఉంటది. అలవాటైనంక ఇడువరు సూడు!"

"ఇడువయి, ఇడువయి" అని నవ్వాడు ఆయన. చిన్నాయనకు ఆ నవ్వు బాగా నచ్చింది.

సాయంత్రానికి కొర్రలూ సజ్జలూ జొన్నలూ సంచులు దులుపుకున్నాం. బార్లీ మాత్రం సంచి మూతి విప్పినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. తైదలు కొంచెమే పోయాయి. తేనె సీసాలు ఒక్కటీ కదల్లేదు. చిన్నాయన వాటి వైపు చూడలేదు. ఖాళీ సంచులు మడత పెట్టి భుజాన వేసుకుని ఇంటికొచ్చి, చిన్నమ్మ ముందు పరిచాడు.

"చూసినవా? మనుషులకు మంచి చెప్తె వింటరు. వినెటట్టు చెప్పాలె."

చిన్నమ్మ ఒక సంచిని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎప్పుడూ లేనిది ఆ రాత్రి ప్రార్థన తనే చేసింది. ఈ ఇంటిమీద నుంచి ఆ ఆవిరి పోగొట్టినందుకు స్తోత్రం అంది. పొద్దున్నే జూ పార్కు వైపు నుంచి సింహం అరిచేదాకా చిన్నాయన దగ్గకుండా నిద్రపోయాడు.

శుక్రవారమే ఖైసర్ బేగం మూత గిన్నెలో బగారా అన్నం పంపింది. గిన్నె ఉత్తదిగా తిరిగి ఇవ్వకూడదు కదా. శనివారం చిన్నమ్మ సజ్జ రొట్టెను వేడి వేడిగా నలిపి, బెల్లం కలిపి, మలీద ముద్దలు చేసి అదే గిన్నెలో పెట్టింది. నన్ను ఇచ్చి రమ్మంది.

ఖైసర్ బేగం మూత తీసి, "అరే, మలీదా! ఇది దర్గాల పంచుతరు" అని వెంటనే ఒక ముద్ద నోట్లో వేసుకుంది. రెండోది కూడా తీసుకుంది. కళ్లు మూసుకుని నమిలింది. నాకు ధైర్యం వచ్చింది.

"ఇవి మా దుకాణం సజ్జలే" అన్నాను.

ఆమె నమలడం ఆపి నన్ను చూసింది. తర్వాత, "పైకి రా. మా ఇంటాయన ఉన్నడు. ఫికర్ లేదు, రా" అంది.

మెట్లు ఎక్కి డాబా మీదికి వెళ్లాం. ఆమె భర్త దస్తగీర్ బనీను మీద, లుంగీ పైకి కట్టి నిలబడి ఉన్నాడు. చుట్టూ పావురాలు. తెల్లవి, బూడిదరంగువి, మెడ మీద నల్ల మచ్చ ఉన్నవి. చెక్క గూళ్లలో ఇంకెన్నో. ఆయన ఒక పళ్లెం వంచి గింజలు చల్లుతున్నాడు. పసుపుపచ్చ గింజలు. నేను రాళ్లేరిన కొర్రలు.

చుట్టూ డాబాల మీద కూడా మనుషులు కనిపించారు. ఒకాయన ఈల వేస్తున్నాడు. శుక్రవారం గింజలు పంటి కింద కొరికి చూసిన మనిషి. ఆయన డాబా మీద నుంచి గుంపు లేచి, జూ పార్కు చెట్ల మీదుగా ఒక చుట్టు తిరిగి మళ్లీ దిగింది.

"మీ చిన్నాయన మాల్ అవ్వల్ నంబర్ బేటీ" అన్నాడు దస్తగీర్ సంతోషంగా. "బయట దాణాల అన్ని రాళ్లు. పిట్ట మింగితె సస్తది. కబూతర్లు పెంచెటోళ్లందరికి చెప్పిన. బార్కస్ బస్తీ దాక ఎర్కైంది."

ఖైసర్ బేగం నా భుజం మీద చేయి వేసి గోడ నీడకు తీసుకెళ్లింది.

"నారాజ్ గాకు. నాకు మలీద ఇష్టమే. మా అమ్మ సజ్జరొట్టె చేసేది. గని రోగాల పేర్లు అట్టల మీద రాసిపెట్టిన దుకాణంకు నేను మనిషిని పంపుతనా చెప్పు? బార్లీ ఎవలు తాగుతరు? బీమారోళ్లు. మా అమీనాకు సంబంధం చూస్తున్నం. ఫలానా ఇంటికి గా దుకాణంకెల్లి పొట్లం పోయిందంటె చాలు, ఇంట్ల ఎవలికో షుగరో, ఊపిరి బీమారో అంటరు. ఒక్కసారి అన్నరంటె మల్ల ఎవ్వలు ఈ గడప తొక్కరు. నేనొక్కదాన్నే గాదు, ఏ ఇంట్ల ఆడిపిల్ల ఉన్నదో ఆ ఇల్లంత గంతే."

"మరి జరూర్ వస్తమన్నరు గద?"

"మీ చిన్నాయన పానం ఎట్లున్నదో చూసిన పరదా సందుకెల్లి. గంత సన్నగైన మనిషి వచ్చి ఆశగ అడిగితె కాదని ఎట్లంటరు బేటీ?" అని నా గడ్డం పట్టుకుంది. "ఆయనకు చెప్పకు. మనసు చిన్నగైతది. ఎవలు తింటె ఏంది, అమ్ముడుబోతున్నయి గద."

ఇంటికొస్తూ ఆలోచించాను. ఆమె చెప్పింది తప్పు కాదు. చెప్పకపోతే చిన్నాయన సంతోషంగానే ఉంటాడు. ఎన్నాళ్లు? ఉద్యోగం వదిలాక ఏదో ఒక రోజు ఎవరి డాబా మీదో చూస్తాడు. అప్పుడు వెనక్కి పోవడానికి తొట్లు కూడా ఉండవు.

ఇంట్లో చిన్నాయన నా కోసమే చూస్తున్నాడు. ఫ్యాక్టరీలో ఎవరో ఇంగ్లీషులో రాసిచ్చిన రాజీనామా నకలు చాప మీద పెట్టి, పక్కన తెల్లకాగితం, పెన్ను పెట్టాడు. "నీ అక్షరాలు గుండ్రంగ ఉంటయి. చూసి దించు. నేను సంతకం పెడుత" అన్నాడు. చిన్నమ్మ కూరగాయలు తరుగుతోంది.

కూర్చుని మొదలుపెట్టాను. తేదీ వేశాను. పై అధికారికి అని రాశాను. ఇక పెన్ను కదల్లేదు.

"ఏమైంది? సిరా అయిపోయిందా?"

"చిన్నాయనా, కొర్రలు పావురాలు తిన్నయి."

"ఏ పావురాలు? మన సంచులల్ల వడ్డయా?"

"లేదు. శుక్రారం మనం అమ్మినయి. అందరు పావురాల కోసమే కొన్నరు. మనుషులు తినలే."

డాబా మీద చూసిందీ, విన్నదీ చెప్పాను. బార్లీ సంగతీ, అమీనా సంబంధం సంగతీ చెప్పాను. తల ఎత్తకుండా చెప్పాను. మొదట చిన్నమ్మకు నవ్వొచ్చింది. ఆపుకుందామని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు. అది చూసి చిన్నాయనకూ నవ్వొచ్చింది.

"నమిలి నమిలి తినుమని చెప్పిన రాహేలూ! పళ్లు లేని వాటికి!"

నవ్వీ నవ్వీ దగ్గులో పడ్డాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక అంత దగ్గు అదే మొదటిసారి. చిన్నమ్మ నవ్వు ఆగిపోయింది. లేచి వీపు రాసింది.

దగ్గు తగ్గాక ఆయన కాగితాన్ని తన వైపు లాక్కుని చూశాడు. "మా సెక్షనోళ్లు దగ్గుకుంట సస్తుండ్రు" అన్నాడు. "ఒక్కొక్కనికి చెప్పొచ్చిన, దుకాణం తెరుస్త, వచ్చి తినుండ్రి, బాగైతరని. ఇంటిపక్కోళ్లు తింటె వాళ్లు గూడ తింటరనుకున్న. నేను పావురాల కోసమా చేసింది?"

"పావురాల కడుపు కడుపు గాదా?" అంది చిన్నమ్మ. "దాణా అమ్ము. ఏం తక్కువైతది? తొట్ల కాడికైతె పోయేది లేదు గద."

"దాణా దుకాణం పెట్టెటందుకా నేను ఉద్యోగం ఇడిసేది? నలుగురు నవ్వరా?"

"నవ్వని. నువ్వు బతికుంటె నవ్వనియ్యి."

ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. చిన్నమ్మ నన్ను తిట్టలేదు. మెచ్చుకోలేదు కూడా. "పెన్నుకు మూత పెట్టు, ఎండిపోతది" అంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక గుడి నుంచి ఇంటికి రాకుండా నేరుగా మల్గీ దగ్గరికి నడిచాడు చిన్నాయన. చిన్నమ్మకు డ్యూటీ ఉంది, అటే వెళ్లిపోయింది. నేను వెనకాలే నడిచాను. షఫీఉద్దీన్ మల్గీ మెట్టు మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. కిరాయి సైకిళ్లాయన వచ్చి వెళ్లాడట.

"ఆవో భాయ్, ఆవో. చాబీ తయారున్నది."

చిన్నాయన కూర్చోలేదు. "షఫీ భాయ్, ఒక్క మాట నిజం చెప్పు. నా దుకాణం ఇక్కడ నడుస్తదా?"

"ఎందుకు నడువది? మస్తు నడుస్తది."

"మనుషులు కొంటరా?"

షఫీఉద్దీన్ విసనకర్ర ఆపాడు. నా వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు. "ఇన్షాల్లా, జర్రజర్ర..."

"గా మాట వద్దు. నీ సొంత తమ్ముడడిగితె ఏం చెప్తవో అది చెప్పు."

ఆయన చేతిలో విసనకర్ర ఈనె ఒకటి విరిచాడు. "కొనరు" అన్నాడు చివరికి. "ఈ బస్తీల గా మాల్ మనిషి కోసం కొనరు. శుక్రారం నాడే నాకెర్క. నా ముంగటనే సంచులల్ల పోస్కపోయిండ్రు, పిట్టలకని మాట్లాడుకుంట. నువ్వేమో గంత ఖుషీల ఉన్నవు. నేనెట్ల చెప్పాలె ప్రకాశం?"

భాయ్ అనకుండా ప్రకాశం అని పిలవడం నేను అప్పుడే విన్నాను.

చిన్నాయన మెట్టు మీద ఆయన పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఎదురుగా రోడ్డు చూస్తూ ఉన్నారు. ఒక రిక్షా వెళ్లింది. ఐస్ బండి వెళ్లింది.

"దాణా అయితే?" అన్నాడు చిన్నాయన.

"దాణా అయితె నడుస్తది. సాఫ్ మాల్ పెడ్తె నడుస్తది. శాన్ ఉండదు, గొప్ప ఉండదు. కడుపు నిండుతది."

"మల్ల ఇండ్లల్ల దినాం నన్ను చూసి నవ్వుతరు గద, రోగాలకు మందమ్ముతనని వచ్చి పిట్టలకు అమ్ముతుండని."

"నవ్వుతరు. నాలుగు దినాలు నవ్వుతరు. నేను గూడ నవ్వుత" అన్నాడు షఫీఉద్దీన్. "గని నీ దగ్గు ఇన్నప్పుడు మాత్రం ఎవ్వలం నవ్వలే."

చిన్నాయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి కూర్చున్నాడు. మెడ వెనక ఎముకలు చొక్కా కాలరులో నుంచి కనిపిస్తున్నాయి. ఆయన వద్దంటాడని అనుకున్నాను. వద్దని లేచి, సోమవారం పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సెక్కుతాడని. ఆ ఆవిరిని నేను చూడలేదు గానీ, ఆయన పాత డ్యూటీ చొక్కా ఒకటి ఇంట్లో ఉంది. ఎన్నిసార్లు ఉతికినా ముక్కు మండుతుంది.

"చాబీ ఇయ్యి" అన్నాడు.

షఫీఉద్దీన్ ఇచ్చాడు. చిన్నాయన లేచాడు గానీ తాళం తీయలేదు.

"తెరిచి చూస్కోవా?"

"ఇయ్యాల ఓపిక లేదు. రేపు ఫ్యాక్టరీకి పోయి కాయితం ఇచ్చొస్త. ఎల్లుండి తెరుస్త."

"బోర్డు మీద ఏం రాపిస్తవు మరి?"

"బోర్డెందుకు? పావురాలకు సదువొస్తదా" అన్నాడు చిన్నాయన. షఫీఉద్దీన్ నవ్వబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాడు.

ఇంటికి నడిచే దారిలో ఆయన మసీదు గోడ నీడలో ఒకసారి, నల్లా దగ్గర ఒకసారి ఆగాడు. నేనూ ఆగాను. నల్లా దగ్గర మొహం కడుక్కుంటూ, "నువ్వు చెప్పకుంటెనే బాగుండు బిడ్డా" అన్నాడు. కోపంగా అనలేదు. తర్వాత కాసేపటికి, తుడుచుకోవడానికి తువ్వాల లేక చేతులు ఊరికే గాలికి పట్టి, "గని మంచిగనే చెప్పినవు" అన్నాడు.

నేను నల్లా కట్టేసి ఆయన వెనక నడిచాను.

ఇంట్లోకి రాగానే బూట్లు విప్పకుండానే మంచం మీద వాలాడు. బూట్లు నేను విప్పాను. అప్పటికే కళ్లు మూసుకున్నాడు. కిటికీలో నుంచి ఎండ సరిగ్గా మొహం మీద పడుతోంది. చిన్నమ్మ పాత చీర ఒకటి తీసి కిటికీకి అడ్డం కట్టాను. గది చీకటైంది. మధ్యాహ్నానికి బియ్యం కడగాలి. గిన్నెల చప్పుడుకు లేస్తాడని గడప దగ్గర అట్లాగే కూర్చున్నాను.